రాజు ఇల్లా, దేవుడి ఇల్లా

మామా పోయిందని ఆవిడ కూతురు దాన ఫోన్ చేసినప్పుడు నేను నర్సరీలో పిల్లల ప్లేట్లు కడుగుతున్నాను. చేతులు తుడుచుకుని ఫోన్ చెవి దగ్గర పెట్టుకునేసరికి అటువైపు ఏడుపు అయిపోయి గొంతు మాత్రం మిగిలి ఉంది. మూడు రోజులూ ఆడవాళ్ళు ఇంటికే పరామర్శకి వస్తారని, నన్నూ రమ్మని చెప్పింది. దానను పెంచింది నేనే. ఆ పిల్ల గొంతులో ఇప్పుడు వాళ్ళమ్మ గొంతు వినబడుతోంది. మామా అంటే మేనమామ కాదు. కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేసే మేమంతా ఇంటి యజమానురాలిని అలాగే పిలుస్తాం. సబా అల్ సలేంలో ఆవిడ ఇంట్లో నేను పదకొండేళ్ళు పనిచేశాను. నా పేరు రెడ్డెమ్మ, మా ఊరు రాయచోటికి అవతల. రెడ్డెమ్మ అనడానికి ఆ ఇంట్లో ఎవరికీ నోరు తిరక్క మొదటి రోజే నన్ను రీమా చేశారు. ఇప్పుడు ఫర్వానియాలో ఒక గదిలో నలుగురు ఆడవాళ్ళతో కలిసి ఉంటున్నాను. ఈసారి ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్, అయిపోతే మళ్ళీ కొట్టించుకోను. నా మోకాళ్ళు ఆ సంగతి నాకంటే ముందే తేల్చేశాయి.

మూడో రోజుకి గానీ నాకు సెలవు దొరకలేదు. రెండు బస్సులు మారి వెళ్ళాను. హాలు నిండా నల్ల బట్టల్లో ఆడవాళ్ళు, బుఖూర్ ధూపం పొగ, ఏలకులు వేసిన చేదు కాఫీ. అలవాటుకొద్దీ వంటింటి గుమ్మం పక్కన కూర్చోబోతే దాన వచ్చి చెయ్యి పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టింది. ఒక ఫిలిప్పీనా పిల్ల నా ముందు వంగి కప్పులో కాఫీ పోసింది. ఆ హాల్లో ఎన్ని వేల కప్పులు పోశానో గానీ నాకు ఎవరైనా పోయడం అదే మొదటిసారి. చాలని చెప్పడానికి నోరు తెరవకూడదు, కప్పుని కాస్త ఊపాలి. ఆ మర్యాద నాకు నేర్పింది మామా అత్తగారు. కప్పు ఊపగానే ఆవిడ గుర్తొచ్చింది. ఆవిడ గుర్తొస్తే ఆ ఇంట్లో గడిచిన నా పడుచుతనమంతా గుర్తొచ్చింది.

ఆవిణ్ణి మేము మామా కబీర్ అనేవాళ్ళం, అంటే పెద్ద మామా. పొద్దున నమాజు అయ్యాక వాకిట్లో చాప వేయించుకుని, గోడకి ఆనుకుని, కాళ్ళు చాపి కూర్చునేది. కుంకుమపువ్వు వేసిన టీ, నాలుగు ఖర్జూరాలు, ఒక పాత రేడియో. గువ్వలకి గింజలు తన చేత్తోనే వెయ్యాలి. చేపల మార్కెట్ నుంచి జుబేదీ వస్తే మొప్పలు ఎత్తి వాసన చూడందే పొయ్యి దగ్గరికి పోనిచ్చేది కాదు. ఏ చేప ఎక్కడ పట్టారో వాసన మీదే చెప్పేది. ఎందుకంటే ఆవిడ పుట్టి పెరిగింది సముద్రం మధ్యలో, ఫైలకా ద్వీపంలో. యుద్ధంలో ఆ ద్వీపం జనాన్నంతా ఖాళీ చేయించారు, తర్వాత ఎవరూ తిరిగి వెళ్ళి కాపురముండలేదు. తన ఇల్లు కళ్ళముందే ఉందన్నట్టు తూర్పు వైపు చూస్తూ కూర్చునేది గానీ ఆ ద్వీపం పేరు మాత్రం ఎత్తేది కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కాళ్ళు పట్టించుకునేది. ఎండు నిమ్మకాయల వాసన ఇంకా గాలిలో ఉండగా, ఇల్లంతా నిద్రపోతుండగా, ఆవిడా నేనూ మాత్రం మెలకువగా ఉండేవాళ్ళం. నాకు అప్పటికి ఇరవై మూడేళ్ళు. ఆవిడ పాదాలకి ఉన్న పగుళ్ళు మా అవ్వ పాదాల పగుళ్ళలాంటివే. అందుకేనేమో ఆ పని నాకెప్పుడూ బరువనిపించలేదు.

మామాది వేరే లోకం. ఆవిడ పురావస్తు శాస్త్రం చదువుకుని, దాన్నే పిల్లలకి పాఠం చెప్పేది. చలికాలం వస్తే విదేశాల నుంచి తవ్వేవాళ్ళు వచ్చేవాళ్ళు, వాళ్ళతో కలిసి అదే ఫైలకాకి పడవలో వెళ్ళేది. అత్తగారు పేరెత్తని ద్వీపం మీద కోడలు రోజంతా మోకాళ్ళ మీద కూర్చుని మట్టి ఊడ్చేది. నాలుగు వేల ఏళ్ళ కిందట అక్కడ ఒక రాజ్యం ఉండేదట. చుట్టూ ఎడారి, ఉప్పునీళ్ళు, అయినా ఓడలు వచ్చిపోయే రాజ్యం. వాళ్ళకి ఇంజక్ అనే దేవుడు ఉండేవాడట. ఒకపక్క దేవుడి ఇల్లు, దాన్ని ఆనుకున్నంత దగ్గరలో రాజు ఇల్లు, మధ్యలో సన్నటి సందు. తవ్వగా దొరికిన పెంకులు అనుమతి తీసుకుని పెట్టెల్లో ఇంటికి తెచ్చేది. వాటిని కడగడం నా పని. రెండు టబ్బులు, మెత్తని పళ్ళ బ్రష్షు, మేడమీద నీడలో పాత దుప్పటి. ఒక పెట్టె పెంకులు ఇంకో పెట్టెలో కలిస్తే మాత్రం ఆవిడ కోపం చూడలేం. నాకా పని నచ్చింది. బాత్రూములు కడిగిన చేతులతోనే కడిగినా, అది వేరే రకం కడగడం. మట్టి కరిగి నీళ్ళలోకి పోతుంటే కింద ఎవరిదో బొటనవేలి ముద్ర బయటపడేది. నా వేలు ఆ గుంటలో సరిగ్గా సరిపోయేది.

ఒకరోజు మామా ఒక రాతి గిన్నె ముక్క ఫోటో తెచ్చి వంటింట్లో నాకు చూపించింది. దానిమీద మేకులు గుచ్చినట్టు గీతలు. అది ఆ రాజు తన గురించి రాయించుకున్నదని, రాజునని చెప్పుకునే ముందు ఇంజక్ దేవుడి సేవకుణ్ణని చెప్పుకున్నాడని వివరించింది. ఖాదిమ్ అన్న మాట వాడింది. ఇళ్ళల్లో మమ్మల్ని ఖద్దామా అంటారు, నాకు తెలిసిన మాట అదే. "రాజు కూడా మాలాగే పనివాడేనా మామా?" అని అడిగాను. ఆవిడ నవ్వింది. కాసేపయ్యాక నవ్వు ఆపి, దేవుడికి పనివాణ్ణని చెప్పుకుంటేనే జనం చేత పని చేయించుకోవచ్చని ఆ రాజుకి తెలుసునంది. ఆ మాట అర్థమవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆ ఏడాది ఆవిడకీ, తవ్వకానికి పెద్ద అయిన ముసలి ప్రొఫెసరుకీ పడని విషయం ఒకటే. ఒక కట్టడం పక్కన గుంటలో బోలెడు గిన్నె పెంకులు దొరికాయి. ప్రొఫెసరు అది రాజు వంటింటి చెత్తగుంట అన్నాడు, కాబట్టి ఆ కట్టడం రాజు ఇంట్లో భాగం అన్నాడు. మామాకి అది గుడి అనిపించింది గానీ ఎందుకో చెప్పలేకపోయింది. ఆ గుంట పెంకులే మేడమీద నా టబ్బుల్లో ఉన్నాయి. కడగ్గా కడగ్గా నాకు ఒకటి కనబడింది. దాదాపు ప్రతి గిన్నె అడుగునా లోపలి నుంచి కొట్టినట్టు ఒక చిల్లు. చేజారి పగిలిన గిన్నె అంచు పగులుతుంది, అలా అడుగు మధ్యన పగలదు. మా ఇంటివాళ్ళం తరతరాలుగా ఊళ్ళో గంగమ్మ గుడి గిన్నెలు తోమేవాళ్ళం. మా అవ్వ గిన్నెలు పూడ్చడం చిన్నప్పుడు చూసినట్టు గుర్తు. కానీ చదువుకున్న మనిషికి చెప్పేముందు నిజమో కాదో తెలుసుకోవాలనిపించింది. అప్పట్లో మాకు ఉత్తరాలకంటే క్యాసెట్లు ఎక్కువ. ఊరికి పోయే మనిషి చేతికి మాటలు నింపిన క్యాసెట్ ఇస్తే, తిరిగొచ్చేవాళ్ళు ఇంకోటి తెచ్చేవాళ్ళు. ఆ గిన్నెల సంగతి అమ్మని అందులో అడిగాను. జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది.

"ఏం మే, అట్ల అడుగుతాండావు?" అంది అమ్మ, వెనకాల కోళ్ళ అరుపుల్లోంచి. "అమ్మోరికి పెట్టిన గిన్నె మళ్ళా మన పొయ్యి ఎక్కుతాదా? పాతబడితే దిబ్బలో ఏస్తామా? గుడి వాకిట్లోనే గుంత తీసి, ఇంగ ఎవురికీ పనికి రాకుండా అడుగున ఒక దెబ్బేసి పూడ్సి పెడ్తాం. మీ అవ్వ అట్లే చేసె, నేనూ అట్లే చేస్తి. నువ్వుంటే నువ్వూ చేసేదానివి."

నాకొచ్చిన వంటింటి అరబ్బీలో అదంతా మామాకి చెప్పాను. ఆవిడ మేడెక్కి, ఒక్కో పెంకూ తిరగేసి, పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుంది. కిందికి వచ్చాక నా రెండు చేతులూ పట్టుకుంది. యజమానురాలు పనిమనిషి చేతులు పట్టుకోవడం ఆ రోజుల్లో ఆ ఇంట్లో జరిగే పని కాదు. మెట్ల పక్కన నిలబడి మామా కబీర్ అది చూసింది. విగ్రహాలంటే, మొక్కులంటే ఆ ఇంట్లో సహించరు. మామా భర్త, మేం బాబా అనే ఆయన, గోడమీద మనుషుల ఫోటోలు కూడా ఉండనిచ్చేవాడు కాదు. గంగమ్మ పటాన్ని నేను బీరువా తలుపు లోపలివైపు అంటించి, బట్టలు వేలాడదీసి దాచుకున్నాను. నేను దేవతల కథలు చెబుతున్నానని పెద్దావిడ కొడుకుతో ఒక్క మాట అంటే నన్ను ఊరికి పంపించేస్తారు.

మర్నాడు మధ్యాహ్నం కాళ్ళు పడుతుంటే, నిన్న ఏం చెప్పావని అడిగింది. దాచి లాభం లేదని అంతా చెప్పాను. తర్వాత గొంతు తగ్గించి, నేనెప్పుడూ వినని సంగతి మొదలుపెట్టింది. ఫైలకాలో సముద్రం ఒడ్డున దిబ్బమీద ఖిద్ర్ అనే పీరు పేరుతో ఒక చిన్న దర్గా లాంటిది ఉండేదట. పిల్లలు లేనివాళ్ళు, పుట్టిన పిల్లలు పోయినవాళ్ళు అక్కడికి వెళ్ళేవాళ్ళట. ఆవిడకి ముగ్గురు పిల్లలు పుట్టి ముగ్గురూ పోయారు. తల్లి ఆవిణ్ణి వెంటబెట్టుకుని, మట్టి గిన్నెలో నెయ్యి వేసిన తీపి వండుకుని వెళ్ళింది. అది అక్కడ పెట్టి, మొక్కుకుని, ఖాళీ గిన్నెని రాయితో అడుగున కొట్టి, అక్కడే ఇసకలో కప్పేశారు. ఇంటికి తేకూడదట. ఎందుకని అడిగితే వాళ్ళమ్మ తన తల్లి అలాగే చేసిందని చెప్పిందట. ఆ మరుసటి ఏడు బాబా పుట్టాడు, బతికాడు. కొన్నేళ్ళకి పెద్దలు అది మతానికి విరుద్ధమని ఆ దర్గా పడగొట్టించారు.

"అది తప్పని నాకు తర్వాత తెలిసింది," అంది. "అల్లా నన్ను క్షమించాలి. కానీ పిల్లాడు బతికాడు. ఇది నా కొడుక్కి తెలిస్తే తన పుట్టుకనే అసహ్యించుకుంటాడు. ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి."

నేను వల్లాహ్ అనబోయాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నా అల్లా అంటే నీకేం భయం? నీ బీరువాలో ఉన్న ఆవిడ మీద వెయ్యి."

ఆవిడకి ఆ పటం సంగతి ఎప్పటి నుంచి తెలుసో నాకు తెలియదు. గంగమ్మ మీద ఒట్టు వేశాను. కాళ్ళు పట్టడం మళ్ళీ మొదలుపెట్టాను. ఆవిడ కళ్ళు మూసుకుంది.

మామా తన వాదమంతా రాసుకుని ఏదో దేశంలో పెద్ద సభలో చదవడానికి వెళ్ళింది. వెళ్ళే ముందు ఒక సాయంత్రం వంటింట్లోకి వచ్చి, "మా అత్త నీతో ద్వీపం గురించి ఏమైనా చెప్పిందా? పెళ్ళయిన దగ్గర్నుంచి అడుగుతున్నాను, ఒక్క మాట చెప్పదు," అంది. చేపల గురించి చెప్పిందన్నాను. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి, ఖలాస్ అని వెళ్ళిపోయింది. వారం తర్వాత తిరిగొచ్చి పెట్టె కూడా విప్పకుండా వంటింట్లో నిలబడి జరిగింది చెప్పింది. ముసలి ప్రొఫెసరు లేచి, ఎక్కడి భారతదేశపు పల్లె, ఎక్కడి నాలుగు వేల ఏళ్ళ నాటి ద్వీపం, ఈ రెంటికీ మధ్య దారం ఏదీ, ద్వీపంలో ఎవరైనా ఇలా చేశారని ఒక్క సాక్ష్యం ఉందా అని అడిగాడట. ఆవిడ దగ్గర లేదు. హాల్లో కొందరు నవ్వారట. "నీ తప్పేం లేదు రీమా," అంది. ఆయన అడిగిన సాక్ష్యం పక్క గదిలో రేడియో వింటూ ఉంది. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. నోట్లో మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. అది చెబితే ఒక మనిషి పరువు నిలుస్తుంది, ఇంకో మనిషికి ఇంట్లో నిలవ నీడ లేకుండా పోతుంది. ఎటు చూసినా వాళ్ళిద్దరూ నాకు అన్నం పెట్టినవాళ్ళే. ఉల్లిపాయలు అయిపోయాక అన్నం వార్చాను.

తర్వాతి ఎండాకాలం మామా కబీర్ నిద్రలోనే పోయింది. పెంకుల పెట్టెలన్నీ తిరిగి వెళ్ళిపోయాయి. మామా పుస్తకం వచ్చింది గానీ ఆ గుంట గురించి అందులో రెండు వాక్యాలే ఉన్నాయని, అవీ 'బహుశా' అన్న మాటతోనే మొదలవుతాయని ఆవిడే చెప్పింది. దాన పెద్దదయ్యాక నేను ఆ ఇంటి నుంచి నర్సరీ పనికి మారాను. ఆ ద్వీపాన్ని నేను ఒక్కసారి కూడా చూడలేదు. తీసుకెళతానని మామా చాలాసార్లు అంది, ఒకసారి చలి, ఒకసారి సముద్రం, ఒకసారి నా ఇఖామా కాగితాలు అడ్డొచ్చాయి. ఇప్పుడు అక్కడికి షికారు పడవలు పోతున్నాయి. నా గదిలో ఉండే సరోజ ఒక శుక్రవారం పోయొచ్చి ఫోన్‌లో వీడియోలు చూపించింది. గుండ్లు తగిలిన గోడలు, ఒంటెలు, బిర్యానీ తింటున్న మనుషులు. "ఆడ చూసేదానికి ఏముందక్కా, రాళ్ళు," అంది. నిజమే. నా వయసులో ఉన్నప్పుడు మా అవ్వ దేవుడి గిన్నెలు ఎక్కడ పూడ్చిందో వేలు పెట్టి చూపించగలిగేది. నేను ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊళ్ళో తోమిన గిన్నెలన్నీ సింకుల్లోవి. మా ఊళ్ళో గంగమ్మకి ఇప్పుడు స్టీలు గిన్నెలు, అవి పగలవు. అమ్మ క్యాసెట్ ఎప్పుడో టేపు చిక్కుపడి పోయింది. పోయినవాటి గురించి బాధపడటానికి కూడా ఓపిక కావాలి. ఈ మధ్య అదీ తగ్గింది.

పరామర్శకి వచ్చిన ఆడవాళ్ళు పలచబడ్డాక దాన నన్ను వాళ్ళమ్మ చదువుకునే గదిలోకి తీసుకెళ్ళింది. ఇప్పుడు ఆ పిల్లా అదే పాఠం చెబుతోంది. కుర్చీలో కూర్చోకుండా నాతోపాటు చాపమీదే కూర్చుంది. వాళ్ళమ్మ చివరి నెలల్లో మంచంలో ఉండి పదే పదే ఒక మాట అనేదట.

"అత్తకీ రీమాకీ మధ్య ఏదో ఉంది, నేను వాకిట్లోకి వస్తే మాట ఆపేసేవాళ్ళు, అనేది అమ్మ. మరి అడగలేదేం అన్నాను. ఒకసారి అడిగితే అత్తకోసం నాతో అబద్ధం చెప్పింది, రెండోసారి కూడా ఆ పిల్ల చేత అబద్ధం చెప్పించాలా, అంది."

ఉల్లిపాయలు తరిగిన ఆ రోజంతా, ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు, నేను ఆవిణ్ణి మోసం చేశానని మోసుకు తిరిగాను. ఆవిడ అదంతా చూసి, తన చదువుకి కావలసిన ఒక్క మాటని వదులుకుని, నన్ను అలా వదిలేసింది. ఒట్టు వేయించుకున్నామె లేదు, అడిగినామె లేదు. దానని ఫోన్ దూరంగా పెట్టమని, అంతా చెప్పాను. ఖిద్ర్ దిబ్బ, నెయ్యి తీపి, రాయి, ఇసక. దాన ఒక్కసారి కూడా మధ్యలో ఆపలేదు. చివరికి మోకాళ్ళమీద తల పెట్టుకుంది.

"నాన్న ఉండగా ఇది నేను రాయలేను," అంది. "నువ్వు రాయి రీమా. నీ భాషలో రాయి. ఎక్కడో ఒకచోట ఉండాలి కదా."

నేను లేచి నడవాలోకి వచ్చేసరికి మగవాళ్ళు కూర్చునే దివానియా గది వైపు నుంచి బాబా వస్తున్నాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది, చేతిలో కర్ర. నన్ను గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. అల్లా నీకు మేలు చెయ్యాలి, మా అమ్మ కాళ్ళు పట్టేదానివి అన్నాడు. వెళ్ళబోయి ఆగాడు. భార్య పోయిన మూడో రోజున ఆయనకి తల్లి గుర్తొచ్చినట్టుంది.

"అమ్మ చివర్లో నీతోనే ఎక్కువ మాట్లాడేది. ఏం చెప్పేది?" అని అడిగాడు.

ఆయన మొహంలోకి చూశాను. ముగ్గురు పోయాక బతికిన పిల్లాడు. కళ్ళు అచ్చం తల్లివే.

"మీ గురించే చెప్పేది బాబా," అన్నాను. ఈసారి అబద్ధం చెప్పాల్సిన పని పడలేదు.